ప్రాడక్టు మేనేజరు ఉద్యోగము - రెజ్యూమె రచన

గడచిన మాసమున తెనాలి ప్రాంతపు రైతు ఒకరు తమ కుమారుని వెంటబెట్టుకొని మా కార్యాలయమునకు దయచేసిరి. ఆయన మాకు చిరకాల పరిచితులు. వారి చేతిసంచిలో రెండు కాగితములు గలవు. రెండును ఆ పిల్లవాని రెజ్యూమెలే. అనగా ఉద్యోగపు అర్జీతో పంపుకొను స్వవృత్తాంత పత్రములు. మొదటిది అతడు స్వయముగ వ్రాసికొన్నది. రెండవది హైదరాబాదులోని యొకానొక శిక్షణాలయమువారు రుసుము పుచ్చుకొని తయారుచేసి యిచ్చినది. అతడెన్నడును గడప త్రొక్కని సంస్థలో నాలుగు సంవత్సరములు ప్రాడక్టు మేనేజరుగా పనిచేసినట్లు ఈ రెండవదానిలో వ్రాయబడియున్నది. "అందరూ ఇట్లాగే పెడుతున్నారు గదండీ. మావాడొక్కడూ పెట్టకపోతే వెనకబడిపోడూ?" అని ఆయన మమ్ము ప్రశ్నించిరి. ఆ మాట ఆయనకే రుచింపలేదని మొగము చెప్పుచునే యున్నది. పిల్లవాని చదువునకై ఆయన ఎకరమున్నర మాగాణి విక్రయించియున్నారు. పిల్లవాడు పనిచేయుచుండిన చిన్న సంస్థ మూతపడి ఐదు మాసములైనది.

ఈ చిక్కు ఆ యొక్క కుటుంబమునదే యైనచో మేమిచట ప్రస్తావించి యుండము. ఇట్టి కాగితములను సంచిలో పెట్టుకొని తిరుగు తండ్రులు మన జిల్లాలలో పెక్కురు గలరు. కావున ఆనాడు మేము వారితో ముచ్చటించిన సంగతులను కొంత విస్తరించి వ్రాయ నుద్దేశించితిమి.

ముందుగా ఆ పదవి యెట్టిదో తెలియవలయును. 1998 లో హైదరాబాదున సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట మన యువకులు వేలకొలది సాఫ్ట్‌వేరు వృత్తిలో ప్రవేశించిరి. సుందర్ పిచ్చై 2004 లో గూగుల్ సంస్థలో ప్రాడక్టు మేనేజరుగానే చేరి 2015 లో దానికి ప్రధానాధికారి యగుటతో ఈ పేరునకు మన యిండ్లలో గూడ ప్రఖ్యాతి కలిగినది. ఐనను పని యేమో యెరిగినవారు అరుదు. మేనేజరనగానే క్రింద ఎందరుందురని పెద్దలు ప్రశ్నింతురు. నిజమునకు ఒక్కడును ఉండకపోవచ్చును. ప్రోగ్రాములు వ్రాయు ఇంజనీరులు వేరొక యధికారికి లోబడియుందురు, డిజైనరులు మరియొకరికి. వీరినందరిని ఆజ్ఞచేత గాక హేతువుచేత ఒప్పించి, వాడుకొను జనులకేది యవసరమో కనుగొని, ఏది ముందు చేయవలయునో, ఏది అసలు చేయనే కూడదో తేల్చుట యితని పని. 2016 లో మన దేశమున ఆరంభమైన యూపీఐని గమనింపుడు. సొమ్ము పంపువాడు బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, కోడు వ్రాయనక్కరలేదు. ఒక చిన్న చిరునామా చాలును. కూరగాయల బండివాడు సయితము నేడు దానిని వాడుచున్నాడన్నచో, జనులనుండి ఏమి అడుగవలయును, ఏమి అడుగకుండ విడువవలయును అని యెవరో కూర్చుండి నిర్ణయించిరి గనుకనే. అట్టి నిర్ణయములే ఈ వృత్తి.

ఈ వృత్తి పుట్టుకయే యొక కాగితముతో ముడిపడియున్నది. అమెరికాలోని సిన్సినాటి నగరమున సబ్బులు చేయు ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్రాయ్ అను యువకుడు కేమే సబ్బు ప్రకటనల పని చూచుచుండెను. ఆ కంపెనీదే యైన ఐవరీ సబ్బు నీడలో కేమే యెదుగకుండెను. 1931 మే 13వ తేదిన అతడు పైయధికారులకు మూడు పుటల లేఖ వ్రాసి, ఒక్కొక్క సరకునకు దాని మంచిచెడ్డలన్నిటిని భరించు మనుష్యుని ప్రత్యేకముగ నియమింపవలయునని వాదించెను. అప్పటికతని వయసు 26 సంవత్సరములు. ఆ మనుష్యుడు చేయవలసినదేమో ఆ లేఖలోనే గలదు. సరకు ఏ ప్రాంతమున ఎంత పోవుచున్నదో లెక్కలు చూడవలయును. బాగుగ పోవుచోట కారణమును గ్రహించి ఇతర స్థలములలో ప్రయోగింపవలయును. పోనిచోటికి స్వయముగ వెళ్లి వర్తకులతోను, వాడువారితోను మాటలాడి లోపమును కనుగొనవలయును. ఉపాయము నాలోచించి, పైవారిని ఒప్పించి, అమలుజరిపి, పిమ్మట అనుకొన్న ఫలితము వచ్చినదో లేదో మరల లెక్క చూడవలయును. ఈ మెకెల్రాయ్ తరువాత ఆ కంపెనీకే అధ్యక్షుడై, 1957 మొదలు 1959 వరకు అమెరికా రక్షణమంత్రిగా నుండెను. ప్రాడక్టు మేనేజరుల వంశమునకు ఆయననే మూలపురుషునిగా చెప్పుదురు.

మేమీ వృత్తాంతమును ఏల చెప్పితిమనగా, రెజ్యూమె యెట్లుండవలయునో ఆ లేఖయే చెప్పుచున్నది. వెళ్లితిని, చూచితిని, లోపము కనుగొంటిని, ఇది చేయింపవలయునని నిర్ణయించితిని, ఫలితమును కొలిచితిని. ఈ యైదు మెట్లలో కొన్నియైన కనబడని కాగితము ఈ పదవికి పనికిరాదు. మనవారి కాగితములలో ఒక్కటియు కనబడుట లేదు.

మా మిత్రుని కుమారుడు స్వయముగ వ్రాసికొన్న కాగితమునే పరిశీలింతము. రెండు పుటలు. శిరోభాగమున ఛాయాచిత్రము. దాని ప్రక్కన తండ్రిపేరు, పుట్టినతేది, అవివాహితుడను సంగతి. పిమ్మట "సవాళ్లతో కూడిన వాతావరణమున నా శక్తిసామర్థ్యములను వినియోగించి సంస్థ యభివృద్ధికిని నా యభివృద్ధికిని తోడ్పడుట నా ధ్యేయము" అను వాక్యము. ఈ వాక్యమును మొదట వ్రాసిన మహానుభావుడెవ్వడో కాని, భరతఖండమున దీనికున్నంత వ్యాప్తి పంచాంగమునకైన లేదు. తరువాత పనివిషయము: "పాలసేకరణ యాప్‌నకు సంబంధించిన అవసరములను సేకరించుట నా బాధ్యత. ఇంజనీరులతో సమన్వయము నా బాధ్యత. పరీక్షించి విడుదల చేయించుట నా బాధ్యత." తుదకు, పై సంగతులన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములని ప్రమాణము, స్థలము, తేది, సంతకము. శిక్షణాలయమువారి కాగితములో ఇతర భాగములన్నియు మారినవి కాని ఈ సత్యప్రమాణము మాత్రము అక్షరము మారక నిలిచియున్నది!

బాధ్యత అను మాటలో మోసమేమియు లేదు. కాని అది కుర్చీని వర్ణించునేగాని కూర్చున్నవానిని వర్ణింపదు. అదే కుర్చీలో ఏ పనియు చేయక కూర్చున్నవాడును అవే మాటలు వ్రాసికొనవచ్చును గదా.

మేమతనిని ఒక్కటే ప్రశ్న వేసితిమి. "నాయనా, నీవచ్చట లేకపోయినచో ఏది జరుగకపోయియుండెడిది?" అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత తడబడుచు చెప్పిన సంగతి యిది. ఆ చిన్న సంస్థ పాడిసంఘములకు యాప్ తయారుచేయుచుండెను. రైతులు తమ నెలసరి పాలలెక్కలను రంగుల పటములలో చూచుకొనునట్లు క్రొత్త యాప్ ఒకటి చేయవలయునని యజమానులు తలచి, అవసరములు తెలిసికొని రమ్మని ఇతనిని పాలకేంద్రములకు పంపిరి. ఇతడు తెల్లవారుజామున ఐదుగంటలకు కేంద్రములయొద్ద కూర్చుండెను. పాలు తెచ్చువారిలో స్త్రీలే హెచ్చు. తూకము, వెన్నశాతము చూచి కేంద్రములోనివాడు యంత్రములో నెక్కించును. పదునైదు దినముల కొకసారి సొమ్ము చెల్లింపు. ఆనాడు తగవులు. నేను పోసినదెంత, మీరు వ్రాసినదెంత అని. పటములు కావలయునన్నవారు ఒక్కరును లేరు. తూచినవెంటనే ఫోనునకు సందేశము పోవునట్లు చేసినచో తగవుండదని యితడు ఊహించి, అట్లే చేయించెను. తగవులు తగ్గలేదు. మరల వెళ్లి విచారింపగా, పెక్కు కుటుంబములలో సంఘమున నమోదైన ఫోను సంఖ్య హైదరాబాదునో బెంగుళూరునో ఉన్న కుమారునిది! పాలు పోసినది తల్లి. సందేశము పోయినది కుమారునికి. ఆ కుమారుడు దానిని చూచుటయు లేదు. అంతట నితడు, తూకపు యంత్రము ప్రక్కన చిన్న అచ్చుయంత్రము నుంచి, లీటరులు, వెన్నశాతము, ధర పెద్ద తెలుగక్షరములలో చీటీపై వచ్చునట్లు చేయవలయుననియు, పటముల పని మానివేయవలయుననియు పట్టుబట్టెను. ఇంజనీరులకు చీటీ యనిన చిన్నచూపు. యజమానులకు కాగితపు ఖర్చు బాధ. తుదకు ఆరు కేంద్రములలో రెండు చెల్లింపులకాలము పరీక్షించిరి. ఫిర్యాదులు మూడవవంతునకు దిగినవి. పిమ్మట 36 కేంద్రములలోను పెట్టిరి.

"ఇది నీ కాగితములో ఏల లేదు?" అని మేమంటిమి. "చిన్న చీటీయే గదండీ. అందులో టెక్నాలజీ ఏముంది?" అని అతని జవాబు. తండ్రిగారు మాత్రము కుర్చీలో ముందునకు వంగి వినుచుండిరి. కుమారుడు ఇట్టి పని చేసినట్లు ఆయనకే తెలియదట.

ఆ మధ్యాహ్నము మేము ముగ్గురమును కూర్చుండి "బాధ్యత" వాక్యములను కొట్టివేసి, వానికి బదులుగా ఇట్లు వ్రాసితిమి: "36 పాలకేంద్రములలో చెల్లింపునాటి ఫిర్యాదులను మూడవవంతునకు దింపితిని, తూకమువద్దనే అచ్చుచీటీ ఇచ్చు పద్ధతిని ముందు ఆరు కేంద్రములలో పరీక్షించి ప్రవేశపెట్టితిని." దాని క్రింద: "మొదట ప్రవేశపెట్టిన ఫోను సందేశములు పాలు పోయువారికి చేరుట లేదని కేంద్రములయొద్ద కనుగొని మార్గము మార్చితిని." మూడవది: "వాడువారెవ్వరును కోరని పటముల యాప్‌ను ఆపించి, ఇంజనీరుల కాలమును ఈ పనికి మరలించితిని." రెండవ వాక్యము తన తప్పును తానే చాటుకొనుట గాదా యని అతడు సంకోచించెను. మా యభిప్రాయమున ఆ మూడింటిలో అదియే శ్రేష్ఠము. తాను చేసినది తప్పని స్వయముగ కనుగొని దిద్దుకొన్నవానినే ఈ పదవికి వెదకుదురు. గూగుల్‌లో ఉద్యోగుల విభాగమునకు అధిపతిగ నుండిన లాజ్లో బాక్ కూడ, ఏమి సాధించితివి, దేనితో కొలిచితివి, ఏమి చేసి సాధించితివి అను మూడును ఒక్క వాక్యమున నుండవలయునని ఉద్యోగార్థులకు సలహా యిచ్చియున్నాడు.

కొలతను గూర్చి ఒక హెచ్చరిక. వాక్యమునకు బలము వచ్చునని తెలియగానే మన కుర్రవాడు "95 శాతము తగ్గించితిని" అని వ్రాయబోయెను. ఎట్లు తెలియునంటిమి. తెలియదు. పాత సహోద్యోగికి ఫోను చేసి, ఫిర్యాదుల పద్దును లెక్కింపజేసిన మీదటనే మూడవవంతు అను మాటను నిలిపితిమి. లెక్క దొరకనిచోట కేంద్రములెన్ని, దినములెన్ని, ఎందరితో మాటలాడితివి అని తెలిసినంతవరకే వ్రాయుట మేలు. పరీక్షించువాడు ఆ యంకెను పట్టుకొనియే మొదటి ప్రశ్న వేయును. అట్లే పూర్వపు యజమాని ఆదాయ రహస్యములను బయటపెట్టుటయు తగదు. ఈనాడు వారి గుట్టు చెప్పినవాడు రేపు మన గుట్టు చెప్పునని చదువువానికి తోచును.

'మేము' అను మాటను గూర్చియు ఒక్క ముక్క. పదిమంది కలిసి చేసిన పనిలో 'నేను' అనుటకు మన పిల్లలు సిగ్గుపడుదురు. ఆ వినయము మంచిదే. కాని పత్రికలకు 'మేము' చెల్లునుగాని రెజ్యూమెకు చెల్లదు. పదిమంది పనిలో తన పాలెంతో అంతే, తగ్గింపక పెంపక చెప్పవలయును.

ఇక కాగితపు ఆకృతి. 2018 లో అమెరికాలోని లాడర్స్ అను సంస్థ నియామకాధికారుల చూపు కాగితముపై నెట్లు తిరుగునో పరిశీలించి, మొదటి చూపునకు వారు వెచ్చించు కాలము సగటున 7.4 సెకండ్లని ప్రకటించినది. ఎన్నేండ్ల చదువో అంత తక్కువ కాలమున తేలిపోవుట చూడ నన్యాయముగనే తోచును. కాని ఎదుట అర్జీల గుట్టలున్నవాడు చేయగలిగినదంతే. పదేండ్ల లోపు అనుభవమున్నవారికి ఒక్క పుట చాలును. బలమైన వాక్యము పైననే యుండవలయును. ఛాయాచిత్రము, తండ్రిపేరు, వయస్సు, మతము, వివాహ విషయము అక్కరలేదు. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టము, 1967 నాటి వయోవివక్ష నిరోధక చట్టము ఉండుటచే ఇట్టి సంగతులున్న కాగితమును చూచుటకే కంపెనీలు జంకును. ధ్యేయవాక్యమును, సత్యప్రమాణమును కూడ నిర్దాక్షిణ్యముగ తొలగింపవచ్చును.

అర్జీలు నేడు ముందుగా కంప్యూటరులోనికి పోవును. యంత్రమే చదివి యంత్రమే త్రోసివేయునను భయము మిక్కిలి ప్రచారములో నున్నది. అంతకంటె సామాన్యమైన ప్రమాదము వేరు. రెండు వరుసలుగా, గడులుగా, బొమ్మలతో అలంకరించిన కాగితమును యంత్రము ముక్కలుముక్కలుగా చదువుకొనును. పిమ్మట అధికారి పేరుతోనో పనిపేరుతోనో వెదకినపుడు అది కంటబడదు. సాదా వరుసలో, సాదా శీర్షికలతో వ్రాయుట క్షేమము. ఉద్యోగప్రకటనలో వారు వాడిన మాటలలో తాను నిజముగ చేసిన పనులకు చెందినవాని నవే మాటలతో పేర్కొనవలయును. చెల్లింపుల ప్రాడక్టునకు మనిషి కావలయునన్నవారికి చీటీ కథలోని చెల్లింపు భాగమును పైకి తేవలయును. పల్లె వినియోగదారులను చేరదలచినవారికి తల్లీకుమారుల ఫోను సంగతిని. ఒకే కాగితమును నూరుచోట్లకు పంపుట కాలహరణము. జీరా, ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ మున్నగు పనిముట్ల పేర్లు ఒక వరుసలో ముగింపవచ్చును. రెండుదినముల తరగతులలో సంపాదించిన ప్రశంసాపత్రముల పట్టికకు మేమైతే చోటే యీయము.

2022 చివర చాట్‌జీపీటీ బయలుదేరినది మొదలు అందరి ఇంగ్లీషును బాగుపడినది. అందరి కాగితములును ఒక్కటే యైనవి. భాష దిద్దించుకొనుట తప్పుగాదు. కాని ఆ తల్లి ఫోను కుమారునియొద్ద నున్నదని ఏ యంత్రమును చెప్పలేదు. తెల్లవారుజామున ఐదుగంటలకు కేంద్రమున కూర్చున్నవాడే చెప్పవలయును.

అనుభవము బొత్తిగా లేని క్రొత్తవారి మాటేమని కొందరడుగుదురు. గూగుల్ 2002 లో కళాశాల విడిచినవారినే ఈ పనికి తీసికొని తర్ఫీదిచ్చు ఏర్పాటు చేసినది. ఇతర కంపెనీలును దాని ననుసరించినవి. వసతిగృహపు భోజనశాలలో వృథా తగ్గించినవాడు, ఊరిలోని ఎరువుల కొట్టు అప్పుల పద్దును ఫోనులోనికి మార్చినవాడు, ఆ పనిని పై పద్ధతిలో వ్రాసికొనిన చాలును. అది నిజముగ చేసినదై యుండవలయును, అంతే.

దీనితో రెండవ కాగితమునకు వచ్చితిమి. లేని యనుభవమును వ్రాసికొనుట పట్టుబడదని శిక్షణాలయములవారు చెప్పుదురు. 2014 నుండి భవిష్యనిధి చందాదారులకు దేశమంతట చెల్లు నొకే సంఖ్య యేర్పడినది. ఏ యజమాని ఏ మాసమునుండి ఏ మాసమువరకు చందా కట్టెనో దానివలన తెలియును. కంపెనీలు ఈ వివరమును, జీతపు చీటీలను, ఆదాయపుపన్ను లెక్కలను అడిగి సరిచూచుచున్నవి. సరిచూచుట ఒక్కొక్కప్పుడు ఉద్యోగమున చేరిన పిమ్మట ముగియును. మా కుర్రవాని వీధిలోనివాడే యొకడు చేరిన మూడవ మాసమున ఇట్లు తొలగింపబడెను. ఇప్పుడతడు తన నిజమైన యనుభవమును చెప్పినను నమ్మువారు లేరు. విదేశయానమునకై యత్నించువారికి ఇంకను భయంకరము. వీసా అర్జీలో ముఖ్యవిషయమున బుద్ధిపూర్వకముగ అసత్యము పలికినట్లు తేలినచో, అమెరికా చట్టము ప్రకారము ఆ దేశప్రవేశమునకు శాశ్వతముగ అనర్హుడు కావచ్చును. ఎకరమున్నర మాగాణి వెల దీనిమీద పందెమొడ్డుట యేమి వివేకము?

తండ్రులను మాత్రమే నిందించుట మా యుద్దేశము గాదు. అప్పులవాడు గుమ్మమున నుండగా, ప్రక్కయింటి పిల్లవాడు జీతము పంపుచుండగా, ఓపికపట్టుమని చెప్పుట సులభము, పట్టుట కష్టము. ఆ రైతు మాతో, "మీరు చెప్పింది బాగానే ఉందండీ. ఈ చీటీ కథకు ఉద్యోగం ఇస్తారంటారా?" అనెను. ఇత్తురని మేము హామీ యీయలేదు. చదివినవాడు కుర్రవానిని పిలిచి, ఆ చీటీ సంగతి చెప్పుమనుటకు ఈ కాగితము చాలునని మాత్రము చెప్పితిమి. రుసుము తిరిగి వచ్చునా యని ఆయన మరల అడిగిరి. రాదనియే మేమనుకొంటిమి, రాలేదు. ఆయన రెండవ కాగితమును నాలుగు మడతలు పెట్టి సంచి యడుగున వైచుకొని పోయిరి.

నాటినుండి ఆ పిల్లవాడు పదునొకండు చోట్లకు ఆ ఒక్క పుట కాగితమును, ఒక్కొక్కచోటికి కొంత మార్చి, పంపియున్నాడు. రెండుచోట్లనుండి పిలుపు వచ్చినది. ఒకచోట మొదటి సంభాషణమంతయు దాదాపు ఆ చీటీని గూర్చియే జరిగినదట. కాగితపు చుట్ట ఖరీదెంత, దాని నెవరు భరించిరి అని కూడ అడిగిరట. రెండవ సంభాషణము వచ్చు మంగళవారము. తక్కిన తొమ్మిది స్థలములనుండి ఇంకను ప్రత్యుత్తరము లేదు.